తామరకుంటలో కనిపించిన పక్షులు

ఆగస్టు చివర్లో ఉత్తరం నుంచి వలస వచ్చే పక్షులు ఆ ఏడు కూడా తామరకుంట చెరువులో, అంటే తామర రెసిడెన్సీ కింది అంతస్తు ఫ్లాట్ల హాళ్ళలో, దిగాయి. మొదటి బాతుల జంట నాలుగో నంబరు ఫ్లాటు బాల్కనీలోంచి వచ్చి, టీవీ ఎదురుగా నేలకు జానెడు ఎత్తున గాలిలో వాలి, కాళ్ళాడిస్తూ ఈదడం మొదలుపెట్టింది.

హాల్లో నీళ్ళు లేవు. చెరువు పూడ్చి అపార్ట్‌మెంటు కట్టి చాలా కాలమైంది. పక్షులకు ఆ సంగతి ఎవరూ తెలియజేయలేదు కనుక అవి పాత నీటిమట్టం మీదే దిగుతాయి. వాన పడితే మట్టం పెరుగుతుంది, పక్షులూ ఆ మేరకు పైకి తేలతాయి. నీటికాకులు భోజనాల బల్ల కింద మునిగి, ముక్కున చేపతో ఫ్రిజ్ పక్కన లేస్తాయి. చేప ఎక్కడిదని ఎవరూ అడగరు. పొలుసులు ఊడ్చడానికి మాత్రం పనిమనుషులు ఒప్పుకోలేదు, ఇంటివాళ్ళే ఊడ్చుకుంటారు.

నాలుగో నంబరులో విజేందర్, అతని భార్య స్వరూప, మూడో తరగతి చదివే కూతురు అలేఖ్య ఉండేవారు. విజేందర్ ఒక కొరియర్ కంపెనీలో సూపర్‌వైజరు. ఆ బిల్డింగు మొత్తంలో పక్షులంటే ఇష్టం ఉన్నది అతనొక్కడికే. ఏ గదిలో ఏది కనిపించిందో ఎప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. "వంటింట్లో ఉల్లంకి పిట్టల గుంపు. పాప గదిలో కొంగ, ఒంటరిది. ఎవరన్న చూస్తమంటే రండి, చెప్పులు ఇప్పి రండి." నలుగురైదుగురు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకునేవారు.

అసోసియేషన్ సెక్రటరీ అనంతయ్య ప్రతి ఆగస్టులోనూ ఒకే నోటీసు పెట్టేవాడు. కింది అంతస్తువారు పక్షుల పొట్టలు ఎంత ఎత్తున ఉన్నాయో చూసుకుని, తమ ముక్కులు అంతకంటే పైన ఉండేలా మంచాలు ఎత్తు చేసుకోవాలి, ఏం జరిగినా అసోసియేషన్‌ది పూచీ కాదు, అని. దాని ప్రకారం అందరూ మంచాల కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నారు. విజేందర్ సోఫా కింద కూడా పెడతానన్నాడు.

"హాల్ల ఇటుకలేంది, చుట్టాలొస్తే ఏమనుకుంటరు?" అంది స్వరూప. అతను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

సెప్టెంబరులో ముసురు పట్టింది. వాన తెరిపిచ్చిన ఆదివారం విజేందర్ భోంచేసి సోఫాలో నడుం వాల్చాడు. అలేఖ్య పై అంతస్తులో ఆడుకుంటోంది. స్వరూప గిన్నెలు సర్ది హాల్లోకి వచ్చేసరికి అతని ముఖానికి పైన ఒక బాతు ఈదుతోంది. దాని నారింజ రంగు కాళ్ళు అతని కళ్ళ మీదుగా మెల్లగా ఆడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. చొక్కా పొడిగా ఉంది. ఆమె అతన్ని లేపి కూర్చోబెడితే నోట్లోంచి నీళ్ళు కారాయి, వాటితోపాటు కాస్త నాచు.

ఊపిరితిత్తుల నిండా చెరువు నీళ్ళున్నాయని ఆసుపత్రిలో చెప్పారు. చావుకు కారణం రాయడం మాత్రం వార్డు ఆఫీసు అనుమతి వచ్చాకే అన్నారు.

దినాలైన మర్నాడు అటవీశాఖవాళ్ళు ఏటా చేసే పక్షుల లెక్కకు వచ్చారు. చెప్పులు బయట విడిచి, ఆ సోఫాలోనే కూర్చుని బైనాక్యులర్స్‌తో చూశారు. స్వరూప చీపురు పట్టుకుని ఒక బాతు మీదికి వెళ్ళింది. వాళ్ళలో పెద్దాయన అడ్డుపడ్డాడు.

"కొట్టొద్దమ్మా. ఎంతో దూరం నుంచి వచ్చినయి. వాటిని తరిమితే కేసైతది."

ఆమె చీపురు మూలకు పెట్టి వాళ్ళకు టీ ఇచ్చింది.

వార్డు ఆఫీసులో దామోదర్ అనే అధికారి ఆమెను కూర్చోమన్నాడు. మంచివాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు కూడా.

"చూడమ్మా, మునిగి పోయిండని రాయాలంటే నీళ్ళు చూపియ్యాలె. నీళ్ళుంటే చెరువున్నట్టు. చెరువుంటే మీ బిల్డింగు లేనట్టు. బిల్డింగే లేకుంటే మీరు ఆడ ఉంటలేరు. ఉంటలేనోళ్ళ ఇంట్ల ఎవరు చచ్చిపోతరమ్మా?"

"ఫారెస్టోళ్ళు తామరకుంట చెరువనే రాసుకపోయిండ్రు సార్. మా హాల్ల కూసోనే రాసిండ్రు."

"వాళ్ళది పిట్టల డిపార్ట్‌మెంటు. పిట్టలకు చెరువున్నది. మనుషులకు లేదు."

అతను ఫారం ముందుకు జరిపి, గుండెపోటు అన్నచోట వేలు పెట్టి చూపించాడు. "ఆయన గుండె మంచిగనే ఉండె సార్," అంది స్వరూప. "పక్క ఫ్లాట్లల్ల కూడ పిల్లలున్నరు."

"అందుకే చెప్తున్న. మునిగిండని రాస్తే వాళ్ళందరి ఇండ్లు కూడ పోతయి. మీ లోను మాత్రం ఉంటది. గుండె అని రాసుకుందాం, అందరికి మంచిది."

ఆమె సంతకం పెట్టింది. విజేందర్ గుండె ఆగి పోయాడని గ్రూపులో అనంతయ్య పెట్టాడు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వెంటనే మళ్ళీ పెట్టిన నోటీసులో మంచాలు అన్నచోట సోఫాలు అనే మాట కూడా చేరింది.

ఆ చలికాలమంతా తల్లీకూతుళ్ళు బీరువా మీద, సజ్జ మీద పడుకున్నారు. ఒక రోజు పొద్దున బడికి జడలు వేయించుకుంటూ అలేఖ్య అడిగింది.

"నాన్నకు ఈత రాదా అమ్మా?"

"వచ్చు బిడ్డా. నీళ్ళు లేవు గదా, ఎట్ల ఈదుతడు?"

పిల్లకు ఆ జవాబు సబబుగానే తోచింది. రెండో జడకు రిబ్బను అందించింది.

మార్చికల్లా పక్షులన్నీ వెళ్ళిపోయాయి. హాలు మామూలు హాలులా ఉంది. స్వరూప ఫ్లాటు అమ్మకానికి పెట్టి, అదే బిల్డింగులో ఐదో అంతస్తులో అద్దెకు మాట్లాడుకుంది. ఏప్రిల్ ఎండలో ఒక జంట చూడటానికి వచ్చింది. భార్య చంకలో ఏడాది నిండని పాప. వాళ్ళుండే చోట బోరు ఎండిపోయిందట, ట్యాంకరు కోసం బిందెలతో కాచుకోవాలట. ఆమె అన్ని గదులూ తిరిగి, కుళాయిలు విప్పి చూసి, స్వరూప దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఉన్నదున్నట్టు చెప్పు. ఈడ నీళ్ళకు తిప్పలుంటదా?"

పాప కిందికి దిగాలని గింజుకుంటోంది. స్వరూప ఆ పాపనే చూస్తూ నిలబడింది. గుమ్మం దగ్గర అనంతయ్య ఫోను చూసుకుంటున్నాడు.

"నీళ్ళకేం తక్కువ లేదు చెల్లె," అంది.

ఆమె హమ్మయ్య అనుకుని పాపను నేల మీద దించింది. పాప హాలంతా పాకుతూ తిరిగింది. గాలి బాగా వస్తోందని భర్త అన్నాడు.