మంత్రిగారి గాజుకప్ప

"మన ప్రభుత్వం ఎంత పారదర్శకమైనదో చెప్పడానికి నేనక్కర్లేదు. మన అడవిలో కప్ప చాలు" అని అటవీశాఖ మంత్రి ప్రకటించి, విలేకరుల వైపు ఒక పెద్ద ఫోటో తిప్పారు. బొటనవేలంత ఆకుపచ్చ కప్ప. కిందినుంచి తీసిన ఫోటో కావడంతో పొట్టలోని గుండె, పేగులు సుబ్బరంగా కనిపిస్తున్నాయి. దాన్ని గాజుకప్ప అంటారు.

"చూడండి, లోపల దాచుకున్నదేమీ లేదు" అన్నారు మంత్రి. విలేకరులు రాసుకున్నారు. ఆ మాటలన్నీ టైపు చేసిచ్చిన పి.ఎ. వెనక వరసలో నిలబడి, తన సెలవు సంగతి ఎప్పుడెత్తాలా అని చూస్తున్నాడు.

పి.ఎ.కి కప్పలతో పేచీ ఏమీ లేదు. భార్యకు నెలలు నిండాయి. తొలి కాన్పు, పుట్టింట్లో ఉంది. అత్తగారు ఫోన్ చేసి "ఎప్పుడొస్తున్నారు బాబూ?" అని మర్యాదగా అడుగుతోంది. ఆ మర్యాద రోజురోజుకీ పెరుగుతోంది. అది మంచి సూచన కాదని అతనికి తెలుసు.

"సార్, నా సెలవు..."

"కప్ప పని కానీవయ్యా. తర్వాత నెలరోజులు తీసుకో. నేనేమన్నా రాక్షసుణ్ణా?"

"అయ్యో, కాదు సార్" అన్నాడు పి.ఎ. అతనికి అబద్ధమాడే అలవాటు ఉద్యోగంలో చేరాకే వచ్చింది.

కప్ప పని జోరుగా సాగింది. గాజుకప్ప వాన విడవని దట్టమైన అడవిలో, వాగు మీదికి వంగిన ఆకుల మీద బతుకుతుంది. ఆ సహజ ఆవాసాన్ని జనం కళ్లారా చూడాలంటే రోడ్డుండాలి కదా! అందుకని అడ్డొచ్చిన చెట్లు కొట్టించారు. బస్సులు నిలపడానికి చోటు కావాలి కనక వాగు పూడ్పించారు. అంతా అయ్యాక మంత్రిగారు కారు దిగి, చల్లటి కళ్లద్దాలు తీసి, నాలుగు వైపులా చూశారు.

"రోడ్డు బ్రహ్మాండంగా ఉంది. కప్పేదీ?"

"ఆవాసం రెడీ సార్. కప్పే కోఆపరేట్ చెయ్యట్లేదు" అన్నాడు ఇంజినీరు. ఆవాసమంటే సిమెంటు చెట్టు, దానికి ప్లాస్టిక్ ఆకులు, పైన పైపులోంచి వాన. "అడవిలో ఆకులు రాలిపోతాయి సార్. ఇవి రాలవు. తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు."

అసలు చిక్కు ఆకులతో కాదు. ప్రారంభోత్సవానికి కప్పల శాస్త్రవేత్త ఒకావిడ వస్తోంది. ఆవిడ కప్పల్ని చూసి కాదు, విని లెక్కపెడుతుంది. కొమ్మకో మైకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటుంది. కూత వినిపిస్తే కప్ప ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. లేనట్టని రాస్తే మంత్రిగారి పరువు గంగపాలే.

"ఇవి చీకటి పడ్డాకే కూస్తాయి సార్" అని మంత్రిగారి గదిలో జరిగిన మీటింగులో గుర్తుచేశాడు అటవీ అధికారి.

"అప్పటికి పేపర్లు ప్రింటుకెళ్లిపోతాయి. పగలే కూయమనండి. అసలెలా కూస్తుందది?"

ఉపన్యాసం రాయడం కోసం ఆ కూతను పదేపదే విన్నవాడు పి.ఎ. ఒక్కడే. పాపం, అడిగారు కదా అని నోరు సున్నాలా చుట్టి "టీక్... టీక్" అన్నాడు.

ఇంజినీరు బల్లకింద వెతికాడు.

"సెలవు గ్యారంటీ" అన్నారు మంత్రి, పి.ఎ. భుజం మీద చెయ్యేసి.

సిమెంటు చెట్టు లోపల బోలు. వెనక తలుపు, ముందు గాలికో కన్నం. ప్రారంభోత్సవం నాడు పి.ఎ. అందులో మడతపడి కూర్చున్నాడు. బయట మంత్రిగారు అతను రాసిచ్చిందే చదువుతున్నారు.

"సోదరులారా! తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతే, తండ్రి కప్ప తిండి మాట మరిచి కాపలా కాస్తుంది. పిల్లలు బయటికొచ్చేదాకా కదలదు. అలాంటి తండ్రుల్ని గౌరవించే ప్రభుత్వం మాది!"

చప్పట్లు మోగాయి. ఆ ముక్క రాసేటప్పుడు పి.ఎ.కి నిజంగానే కళ్లు చెమర్చాయి. ఇప్పుడూ చెమర్చాయి. తుడుచుకుని "టీక్" అన్నాడు.

ఎదురుగా బండరాయి వెనకనుంచి "టీక్" అని జవాబొచ్చింది. ఒక్క రెప్పపాటు కాలం పి.ఎ. నిజంగా సంతోషించాడు. తర్వాత ఆ కప్ప దగ్గింది. అది ఇంజినీరుగారి బామ్మర్ది. ఎందుకైనా మంచిదని ఆయన ముందుచూపుతో పెట్టించాడు.

"రెండు మగకప్పలు!" అంది శాస్త్రవేత్త.

సరిగ్గా అప్పుడు పి.ఎ. జేబులో ఫోన్ వణికింది. అత్తగారి మెసేజి. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. అతనికి చెట్టు బద్దలుకొట్టుకుని బయటపడి గంతులెయ్యాలనిపించింది. అరవడానికి లేదు. ఆనందం ఎటూ పోలేక "టీటీటీటీ...క్" అని సాగింది.

శాస్త్రవేత్త లేచి నిలబడింది. "ఇలాంటి కూత ఇంతవరకూ ఎవరూ రికార్డు చెయ్యలేదు! ఇది తండ్రి కూత. గుడ్లున్నాయన్నమాట. ఇక సీజనంతా ఇది ఇక్కణ్ణించి కదలదు. ఒకవేళ కూత ఆగిపోయిందో, జాతి అంతరించిందని రాసేస్తాను."

జనం వెళ్లాక పి.ఎ. నడుం పట్టుకుని బయటికొచ్చాడు. "సార్, ఆడపిల్ల పుట్టింది. సెలవు..."

"శుభం! కానీ విన్నావుగా? నువ్వు సెలవు పెడితే ఒక జాతే అంతరించిపోతుంది. ఆ పాపం నాకెందుకు?" అన్నారు మంత్రి, చాలా బాధగా.

కొన్నాళ్లు గడిచాయి. అత్తగారి మర్యాద పూర్తిగా ఇంకిపోయింది. ఆవిడ బాలింత కూతుర్నీ మనవరాల్నీ వెంటబెట్టుకుని, టిక్కెట్లు కొనుక్కుని, సిమెంటు చెట్టు ముందుకొచ్చి నిలబడింది.

"ఇదిగోనమ్మా, మీ ఆయన. బాగా చూసుకో."

భార్య పాపను కన్నం దగ్గరికెత్తింది. పి.ఎ. లోపలినుంచి కన్ను ఆనించి చూశాడు. ఎర్రటి మొహం, మూసుకున్న పిడికిళ్లు. నా బంగారుతల్లీ అని పిలవాలనుంది. నెత్తిమీద మైకుంది.

"టీక్" అన్నాడు, అంత మెల్లగా అతనెప్పుడూ కూయలేదు.

"ముక్కు మీదేనండీ" అంది భార్య, కళ్లు తుడుచుకుంటూ.

పాప కెవ్వుమంది. పి.ఎ. సముదాయిస్తూ టీక్ టీక్ అంటుంటే, అతను ఆపినప్పుడల్లా పాప అందుకుంది. అవతల టెంటులో శాస్త్రవేత్త హెడ్‌ఫోన్లు చెవులకు నొక్కుకుని, గబగబా రాసుకుంది.

మర్నాడు మంత్రిగారు విలేకరుల్ని పిలిపించారు.

"నిన్నటిదాకా రెండు. ఇవాళ మూడు. మన పాలనలో గాజుకప్పల సంఖ్య యాభై శాతం పెరిగింది" అన్నారు.

విలేకరులు రాసుకున్నారు.