బొంత తలమూల సంగ్రామము

బొగ్గుధూళి ధూసరిత దిగంతరాళమై, షిఫ్టు సైరనుల మంగళవాద్యములతో ఉదయాస్తమయముల నెరుగుచు, ఒకవంక గోదావరీ జలప్రవాహమును వేరొకవంక ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టల మహోన్నత శిఖరములును కావలి కాయుచుండగా వెలయు గోదావరిఖని మహాపట్టణమందు, కార్తీకపు చలి మొదటిసారి పలకరించిన ఒకానొక శనివారమున, కార్మిక కాలనీలోని క్వార్టర్ల వరుసలో, సువార్తమ్మ ఇంటి వరండా అను రణక్షేత్రమున, పాతచీరలను పొరలు పొరలుగా పరచి, నిశితాగ్ర బొంతసూదులను ఆయుధములుగా ధరించి, నలుగురు వీరాంగనలు నాలుగు మూలలను ఆక్రమించిరి.

ఊపిరి తీసుకుందాం. గాథ పాడేవాడికైనా ఊపిరితిత్తులు రెండే. అందులోనూ ఈ ఊరి గాలి పీల్చినవి. ముందుగా సూదికి మొక్కాలి. సూక్ష్మదేహినీ, ఏకనేత్రీ, పొడుస్తూనే కలిపే తల్లీ, నా నాలుకను మాత్రం పొడవకుండా ఈ కథను చివరిదాకా లాక్కురా. ఇంతకన్నా పొడుగు స్తోత్రం నాకు రాదు.

ఇంతటి సైన్యసమీకరణానికి కారణం సువార్తమ్మ కూతురు ఫెబా. గోలేటిలోని అత్తవారింటి నుంచి తొలి కాన్పుకు ఆమె పుట్టింటికి రాబోతోంది. తల్లీబిడ్డా పడుకోవడానికి మెత్తని బొంత ఉండాలి. కొట్లో కొన్న దుప్పట్ల మీద ఈ కాలనీ ఆడవాళ్లకు బొత్తిగా నమ్మకం లేదు. ఉతికి ఉతికి, ఆరేసి ఆరేసి, రంగు వెలిసి, దూదిలా మెత్తబడిన నూలు చీరలనే వాళ్లు నమ్ముతారు. ఎవరింట్లో కాన్పు ఉంటే వాళ్ల వరండాలో చేరి తలో పక్క కుట్టుకుంటూ వస్తారు.

ఇక్కడొక రాజ్యాంగ సూక్ష్మం తెలియాలి. బొంతకు తల పెట్టుకునే వైపు కుడిచేతి మూలను తలమూల అంటారు. మొదటి కుట్టు అక్కడే పడాలి. ఏ చీర పైకి రావాలి, ఏ రంగు దారం ఎక్కాలి, ఎవరి వరుస వంకర పోయింది, ఎప్పుడు లేచి నడుము వాల్చాలి అన్నీ తలమూలలో కూర్చున్నామెనే చెప్పాలి. మిగతా ముగ్గురూ కుట్టాలి. కావాలంటే గొణుక్కోవచ్చు.

ఆ సింహాసనం మీద కొలువై ఉన్నది సారవ్వ. అఖండ సూత్రధారిణి, వరండాచక్రవర్తిని, కత్తెర ముఖమెరుగని దంతచ్ఛేదన విశారద. అనగా దారాన్ని పళ్లతోనే పుటుక్కున తెంపే మనిషి. భర్త రాజం గనిలో ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరై డ్యూటీ దిగినవాడు. ఇంట్లో వంటగది ఎప్పుడో కోడలి చేతికి పోయింది. టీవీ రిమోటు కొడుకుది. కూర గురించి సారవ్వ ఏదైనా అంటే “నువ్వు ఊకో అత్తమ్మా” అని కోడలు ప్రేమగానే అంటుంది. ప్రేమగా అన్నా నోరు మూసుకోక తప్పదు. ఈ భూమండలం మీద సారవ్వ మాట చెల్లే చోటు ఒక్కటే, అది తలమూల. అది పోతే ఆమెకు ఇంకేమీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే అక్కడ అంత కఠినంగా ఉంటుంది.

ఆమెకు ఎదురుమూలలో ఎవాంజెలిన్ టీచరమ్మ. రిటైరైనా బడిగంట ఇంకా చెవుల్లో మోగుతున్న పంతులమ్మ, సువర్ణ ఫ్రేము కళ్లద్దాలతో, బిస్కెట్ల డబ్బాలో కత్తెర, టేపు, రంగుదారాలు సర్దుకుని వచ్చే శస్త్రాగార సంపన్న. ఫోన్లో వీడియోలు చూసి బొంత మీద పూలూ పిట్టలూ కుట్టాలని ఆమె కోరిక. పోయిన వానాకాలంలో సారవ్వ కంటి ఆపరేషన్‌కు దవాఖానలో ఉన్నప్పుడు తలమూల ఎక్కింది కూడా. పట్టీ విప్పగానే సారవ్వ వచ్చి, ఒక వరుస వంకరగా ఉందని చూపించి ఊడదీయించి, ఊడదీశాక “ఊడదీసిన చెయ్యి మూల దిగాలె” అన్నది. అటువంటి రూలు అంతకుముందు లేదు. ఆ క్షణాననే పుట్టింది, ఆ క్షణాననే అమలైంది. టీచరమ్మ దిగిపోయింది గానీ మరచిపోలేదు.

మిగతా రెండు మూలల్లో ఒకటి ఇంటామె సువార్తమ్మది, రెండోది పూలమ్మది. పూలమ్మ సారవ్వ పక్కనే కూర్చుంటుంది. మనిషి మంచిదే గానీ ఆమె చెవిన పడ్డ ముచ్చట సాయంత్రంలోగా కమాన్‌పూర్ చేరుతుంది.

ఆనాడు సారవ్వ మిరపపండు రంగు చీర కట్టుకుని వచ్చింది. డ్యూటీ దిగిన రోజున రాజం, జీవితంలో మొదటిసారి తనంతట తానే కొట్టుకు వెళ్లి, ఎవరినీ అడగకుండా తెచ్చిన చీర అది. బొంత కుట్టడానికి అంత మంచి చీర ఎందుకంటే, టీచరమ్మ ఫోటోలు తీసి స్టేటస్‌లో పెడుతుందని పూలమ్మ చెప్పింది మరి. మహావీరులకు కీర్తికాంక్ష సహజం.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడు దిక్కులు పిక్కటిల్లేలా ఓపెన్‌కాస్టు బ్లాస్టింగ్ సైరన్ మోగింది. ఈ కాలనీ బొంతగత్తెలకు ఒక ఆచారం ఉంది. సైరన్ వినగానే సూదులు పైకెత్తి పట్టుకుంటారు. నేల అదిరి, అరల్లో గిన్నెలు గలగలమని, గోడ సున్నం కాస్త రాలిన తర్వాతనే దించుతారు. లేకపోతే అదురుకు సూది వేలిలో దిగుతుంది. నాలుగు సూదులు నాలుగు ఖడ్గాల్లా లేచాయి. సారవ్వ అందరికన్నా ఎత్తుగా లేపింది. లేపినప్పుడు భుజం మీది కొంగు జారి ఒళ్లో పడింది, ఒళ్లోంచి బొంత అంచు కిందికి దూరింది. ఆమె చూడలేదు.

ఎందుకు చూడలేదంటే, అప్పుడామె చూస్తున్నది టీచరమ్మ వరుసను. చూసి, సూది దించి, విజయగర్వ గంభీర స్వరంతో సభామధ్యంలో ఇట్లా పలికింది:

“టీచరమ్మా, నువ్వు అద్దాలు పెట్టుకొని కుట్టినా నీ గీత వంకరనే పోతది. నా చేతికే కండ్లున్నయ్. బొంత దిక్కు సూడకుంట కుడత, సూడు.”

అని చూపులు టీచరమ్మ ముఖాన నిలిపి, రెప్ప వేయకుండా, చేయి మాత్రం ఆడిస్తూ కుట్టింది. అరచేతి పొడవు కుట్టింది. టీచరమ్మ పెదవి బిగించింది. పూలమ్మ అబ్బురపడింది. సారవ్వ ముడి వేసి, దారాన్ని పళ్లతో పుటుక్కున తెంపి, నడుము నిటారుగా చేయబోయింది.

నడుము లేవలేదు. ఎవరో వెనక్కి లాగినట్టు భుజం ఒంగింది. మళ్లీ లేవబోయింది, మళ్లీ లాగింది. ఒళ్లోకి చేయి పెట్టి తడిమితే అప్పుడు తెలిసింది: రాజం తెచ్చిన చీర కొంగూ, ఫెబా బిడ్డ బొంతా ఒక్కటైపోయాయి. తన చేతి కళ్లే తనను కుట్టిపడేశాయి.

హా! ఏమి దైవఘటన! పరాక్రమవంతులను శత్రువు గెలవలేనప్పుడు వాళ్ల నోరే వాళ్లను ఓడిస్తుంది. కుట్లు ఊడదీస్తే నిమిషంలో విముక్తి. కానీ ఊడదీసిన చెయ్యి మూల దిగాలి. ఆ శాసనం చేసిన నోరు ఎవరిదో నలుగురికీ తెలుసు. దయ చూపమని అడుగుదామా అంటే, టీచరమ్మ మీద తాను చూపిన దయ ఎంతో గుర్తుకొచ్చింది. పూలమ్మ చెవిలో చెబుదామా అంటే ఎదురుగా కమాన్‌పూర్ కనిపించింది. పోనీ కదలకుండా కూర్చుందామా అంటే అదీ కుదరదు. అంచుల వరుస నాలుగు పక్కలా కలిసిందంటే బొంతను తిరగేసి, అడుగుపొర పట్టిందో లేదో అందరూ చూస్తారు. సువార్తమ్మ వరుస అప్పటికే దగ్గరికి వచ్చేసింది.

మిగిలింది ఒక్కటే మార్గం. దానికి కత్తెర కావాలి. కత్తెర ఉన్నది శత్రువు శస్త్రాగారంలో.

తన నోటితో కత్తెర అనే మాట అనవలసి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, ఆ కత్తెర ఓసారి ఇటియ్యమన్నది. పళ్లతో తెంపేటామెకు కత్తెర ఎందుకని టీచరమ్మ తీయగా అడిగింది. పన్ను సలుపుతున్నదని సారవ్వ చెప్పింది. ఇప్పుడే కదా పుటుక్కున తెంపావని పూలమ్మ, పాపం మంచి మనసుతోనే, గుర్తు చేసింది. అందుకే సలుపుతున్నదని సారవ్వ పళ్లు నూరుతూ జవాబిచ్చింది. కత్తెర చేతులు మారి వచ్చింది.

ఇక వినండి, ఆ రహస్య యుద్ధం. బొంత అంచు కింద, చీకటి ఒళ్లో, కంటికి కనబడని చోట, ఒక చేత్తో కొంగు బిగపట్టి రెండో చేత్తో, కుట్ల జోలికి పోకుండా, ఆ కొంగు మీదనే ఆమె కత్తెర ఆడించింది. కత్తెర కిర్రుమంటే వినబడుతుందని దగ్గింది. ఒక కోత, ఒక దగ్గు. ఈ ఊళ్లో దగ్గుకు ఎవరూ తిరిగి చూడరు గానీ ఇది మరీ ఎక్కువైంది. సువార్తమ్మ లేచి వేడినీళ్లు తెచ్చింది. పూలమ్మ వీపు నిమరసాగింది; నిమిరిన ప్రతిసారీ కత్తెర పక్కకు జరిగి ఎర్రచీర మరికాస్త తెగింది. రాజం కొట్టులో నిలబడి ఈ రంగు ఏరుకోవడానికి ఎంత తికమకపడి ఉంటాడో సారవ్వకు తలపుకొచ్చి ప్రాణం చివుక్కుమన్నది. అయినా చేయి ఆగలేదు. ఆఖరి పోగు తెగింది. కొంగు చివర గబుక్కున నడుములో దోపుకుని, వీరాంగన నిటారుగా కూర్చున్నది.

సరిగ్గా అప్పుడే వరుస కలిసింది. నలుగురూ లేచి బొంతను తిరగేశారు. అడుగుపొర అయిన వెలిసిన నీలం చీర మీద, తలమూల దగ్గర, అరచేయంత ఎర్రముక్క నిప్పులా మెరిసింది.

టీచరమ్మ ముక్క వంక చూసింది, సారవ్వ నడుము వంక చూసింది, చేయి చాచి కొంగు చివర మెల్లగా బయటికి లాగింది. కొరికేసినట్టున్న అంచు అందరికీ కనిపించింది. అప్పుడు టీచరమ్మ, వానాకాలం నుంచి లోలోపల దాచుకున్న మాటను, క్లాసులో అటెండెన్సు పిలిచినంత స్పష్టంగా పలికింది:

“సారక్కా, రూలు నువ్వు పెట్టిందే. తప్పు కుట్టినామె మూల దిగాలె. జరుగు.”

సారవ్వ జరగలేదు. పాదాలు చాప మీద గట్టిగా ఆనించి నిలబడింది.

“తప్పు కుట్టినామె కాదు టీచరమ్మా, ఊడదీసినామె. నేను ఒక్క కుట్టన్న ఊడదీసిన్నా? ఏడ ఊడదీసిన్నో ఏలు పెట్టి సూపెట్టు.”

న్యాయశాస్త్రం గిర్రున తిరిగింది. టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, వంగి, ఎర్రముక్క చుట్టూ ఉన్న కుట్లన్నింటినీ వేలితో తడిమింది. ఒక్కటీ ఊడలేదు. పైగా చూడకుండా కుట్టిన ఆ వరుస, చూసి కుట్టిన వరుసలన్నింటికన్నా తిన్నగా ఉన్నది. అన్యాయమంటే ఇదే. తీర్పు చెప్పమని ఇద్దరూ ఇంటామె వైపు తిరిగారు.

సువార్తమ్మకు చీకటి పడేలోగా బొంత కావాలి. ధర్మాధర్మాలతో పని లేదు. ఊడదీయలేదు గదా, కోసుకున్నది, అదీ సొంత చీర, ఆమెనే కూర్చోనివ్వమన్నది. ఆ ఎర్రముక్క అట్లనే ఉండనీ, పిల్లకేమీ గుచ్చుకోదని కూడా అన్నది. కేసు కొట్టేశారు.

సారవ్వ గెలిచింది. గెలిచి, తలమూలలో కూర్చుని, ఎర్రముక్కను చేత్తో సవరించింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఇందులో అలంకారం ఏమీ లేదు, నిజంగానే వచ్చింది. మంచి చీర పాడైంది. కాసేపు ముక్కు ఎగబీల్చి, అప్పుడు మహారాణికి తగిన ఔదార్యంతో కొత్త శాసనం ప్రకటించింది:

“రేపటి సంది ఎవ్వలన్న ఊడదీసుకోవచ్చు. మూల దిగుడు లేదు. చీరెలు కోసుకునుడు మంచిగుండది.”

పూలమ్మ మెచ్చుకున్నది. సువార్తమ్మ తల ఊపింది. టీచరమ్మ ఒక్కతే సూది పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నది.

“మరి నన్ను దింపితివి గదా సారక్కా. గా ముచ్చటేంది?”

సారవ్వ దారం చివర నోట్లో తడిపి, సూదిలోకి ఎక్కించి, తాపీగా లాగింది.

“గది పాత రూలు. కొత్త రూలుకు బ్యాక్ డేటు లేదు, టీచరమ్మా.”

బ్యాక్ డేటు లేదు! బొగ్గు కంపెనీ సర్క్యులర్లు చదువుకుని బతికిన కాలనీలో ఆ మాట పడ్డాక ఇంక అప్పీలు ఉండదు. పాత తేదీ నుంచి వర్తింపు ఉన్నదంటే ఉన్నది, లేదంటే ఎంత మొత్తుకున్నా లేదు. ఇంటింటి మగవాళ్లూ ఏళ్ల తరబడి ఆ మాట వినే ఇంటికొచ్చి చెప్పులు విప్పుకున్నారు. టీచరమ్మ తన మూలకు వెళ్లి కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, సారవ్వ చూపించిన చోట సూది దించింది.

ఇట్లు సకల వరండా వీరాగ్రేసరి, స్వకృతశాసన పాశబద్ధయయ్యు చెక్కుచెదరని ధైర్యశాలిని, సారవ్వ మహారాజ్ఞి, భర్తృదత్త రక్తాంబరమందు అరచేయంత ఖండమును రణచండికి బలియిచ్చి, దగ్గులతో శత్రుకర్ణములను వంచించి, తాను చేసిన చట్టమును తన పని తీరిన పిదప తానే రద్దుగావించి, చాప మీద తాను కూర్చున్న మూరెడు చోటును, ఏ రోజున గెలిచెనో ఆ రోజు నుండియే వర్తించునట్లు, సంపూర్ణముగా జయించెను.