కళావతి పెట్టిన కరెంట్ కోత

ఆ మిషిన్ ఇంట్లకు వచ్చిన పొద్దే కళావతి దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. అది గుడి గాదు, ఆమెది భక్తి గాదు. అనుమానం.

"గిది ఊడుస్తదా?"

"ఊడుస్తదమ్మా," అన్నది బిడ్డ స్రవ్య, డబ్బాల నుంచి తీసి నేల మీద పెట్టుకుంట.

"చీపురేది మరి?"

"కడుపుల ఉంటది."

"కడుపుల చీపురు దాచిపెట్టుకొని తిరిగేటిది మంచిదెట్లయితదే?"

స్రవ్య నవ్వింది. కళావతి నవ్వలేదు. బోర్లించిన తాబేటి చిప్ప లెక్క గుండ్రంగ, నల్లగ, చప్పుడు చేయకుంట కూసున్న ఆ వస్తువును చూస్తే ఆమెకు నవ్వు రాలేదు. చప్పుడు చేసేటోళ్ళను నమ్మొచ్చు. చప్పుడు చేయనోళ్ళతోనే లొల్లి.

అసలు కథ మిషిన్‌ది గాదు, హాస్టల్‌ది. స్రవ్య కొలువు పట్నానికి ఆ కొసన నానక్‌రామ్‌గూడల. ఇల్లేమో లాల్‌దర్వాజా గల్లీల. పొద్దుగాల పోయేటప్పుడు దువ్వుకున్న జడ, ఆఫీసు చేరేటాలకు బస్సుల నిలబడి నిలబడి ఎవరిదో అయితుండె. అందుకే ఆఫీసు పక్కన హాస్టల్ చూసుకున్నది.

హాస్టల్ అన్న మాట చెవుల పడంగనే కళావతికి వరుసగ కనబడ్డయి: నడుమల ఆగిపోయిన లిఫ్టు, పలుకు మీదున్న అన్నం, గొళ్ళెం లేని బాత్రూం, జరమొస్తే నీళ్ళిచ్చే దిక్కు లేని మంచం. ఏది తలుసుకున్నా ఆమెకు దాని ఆఖరు ముందు కనబడ్తది, మొదలు తర్వాత కనబడ్తది. అయితే ఆ మాట బిడ్డకు చెప్తే "నువ్వు ఉత్తగనే భయపడ్తవమ్మా" అని కొట్టిపారేస్తది. అందుకని కొట్టిపారేయలేని దాన్ని ముందల పెట్టింది. మోకాళ్ళు.

"నువ్వు పోతె పో బిడ్డా. నేను అడ్డమా? నేలకు వంగలేను, గదొక్కటే. ఇల్లు ఊడ్చేదెవరో చెప్పి పో."

"బాపు ఊడ్వడా?"

ఇద్దరూ భిక్షపతి దిక్కు చూసిండ్రు. ఆయన కరెంట్ ఆఫీసుల లైన్‌మన్. ఎంత పెద్ద వైరునైనా నిమ్మళంగ పట్టుకుంటడు. చీపురు పట్టుకోమంటే మాత్రం షాక్ కొట్టినట్టు చెయ్యి గుంజుకుంటడు.

"నాకు డ్యూటీ ఉన్నది," అన్నడు భిక్షపతి, పేపరు వెనుక నుంచి.

అట్ల వచ్చింది మిషిన్. "ఈ వారం చూద్దాం. ఇది మంచిగ ఊడిస్తే ఆదివారం నేను ఫికర్ లేకుంట పోత. ఊడ్వకపోతే ఉండిపోత," అన్నది స్రవ్య. ఆ మాటతోని మిషిన్ కళావతికి ఆగర్భ శత్రువయింది. అది నేల ఊడ్వడానికి రాలేదు. బిడ్డను ఊడ్చుకపోవడానికి వచ్చింది.

"ముందట మెరుస్తున్నదేంది?"

"కెమెరా అమ్మా. దాంతోని చూసుకుంట తొవ్వ పట్టుకుంటది."

"చూసి ఎవరికి చెప్తది?"

"ఎవ్వరికీ చెప్పదు."

"చెప్పనిదానికి చూసుడెందుకు మరి?"

కళావతి ఆ పూట నుంచే బీరువ తాళంచెవి కొంగుకు ముడేసుకున్నది. మిషిన్ బయలుదేరిందంటే లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకునేది, ఎవరో పరాయి మొగోడు ఇంట్లకు వచ్చినట్టు. అది దేవుని అర ముందట ఒక్క గడియ ఆగిందంటే, ఎండి దీపాలు లెక్కపెడుతున్నదనే ఆమె నమ్మకం. దానికి సీఐడీ తాబేలు అని పేరు గూడ పెట్టింది.

ఆ సీఐడీ గుట్టు మొదటి పూటనే దొరికింది. వాళ్ళ ఇల్లు రైలు డబ్బా లెక్క పొడుగ్గ ఉంటది. రెండు దిక్కులా పక్కింటోళ్ళ గోడలే. ముందటి రూముకు తప్పితే ఎండ సరిగ రాదు. నడిమి అర్రకు ఒక ట్యూబ్‌లైటు, పైన పక్కింటి కప్పు మీదికి తెరుచుకున్న చిన్న చువ్వల రోషన్‌దాన్. అంతే వెలుతురు. తాబేలు ఆ అర్రలకు పోయి, ట్రంకు పెట్టెకు గుద్దుకొని, వెనుకకు మర్లి, గోడకు గుద్దుకొని, లోపల నుంచి ఆడమనిషి గొంతుతోని ఇంగ్లీషుల ఏదో గునిసింది.

"ఎవర్నో తిడుతున్నది," అన్నది కళావతి.

"తిడ్తలేదమ్మా. చీకటిగున్నది, కనబడ్తలేదు అంటున్నది. చీకట్ల గూడ తిరిగే మిషిన్లు వేరే ఉన్నయి, అవి పిరం. దీనికి వెలుతురు ఉండాలె. నువ్వు లైట్ ఏసి పెట్టు, చాలు."

"లైట్ లేకుంటే నడ్వదా?"

"నడ్వదు."

"అస్సలుకే నడ్వదా?"

"ఎన్నిసార్లు అడుగుతవమ్మా?"

శత్రువుకు రేచీకటి ఉన్నదని తెలిసినంక కళావతికి ఆ పూట అన్నం మస్తు సయించింది.

తెల్లారి స్రవ్య ఆఫీసు నుంచే ఫోన్ల మిషిన్‌ను నడిపింది, రోజూ అదే టైముకు దానంతట అదే నడిచేటట్టు పెట్టింది. ఇక్కడ కళావతి ట్యూబ్‌లైటు బంద్ చేసింది. కానీ రోషన్‌దాన్ల నుంచి సన్నటి ఎండ పడుతున్నది. ఆ కాస్త వెలుతురు పట్టుకొని తాబేలు నింపాదిగ ఊడ్చుకుంట పోతున్నది. కళావతి ఊకుంటదా? ట్రంకు పెట్టె గోడకు జరిపింది. దాని మీద స్టూలు ఏసింది. స్టూలు మీదికెక్కి, మునివేళ్ళ మీద లేచి, రోషన్‌దాన్ చువ్వలకు మందపాటి చెద్దరు కట్టింది. మోకాళ్ళ సంగతి ఆ టైంల ఆమెకు గానీ, మోకాళ్ళకు గానీ యాదికి రాలేదు.

ఫోన్ మోగింది. "అమ్మా, మిషిన్ తొవ్వ తప్పిందంట. లైట్ ఏసినవా?"

"ఏసిన బిడ్డా. ఏసినంకనే కరెంట్ పోయింది."

మిషిన్ దాని బ్యాటరీ మీద నడుస్తది, ఇంటి వైఫైకి గూడ స్రవ్య చిన్న బ్యాటరీ పెట్టుకున్నది గనక కరెంట్ పోయినా ఫోనుకు కబురు పోతది. అందుకని ఆమెకు అనుమానం రాలేదు. మరునాడు గూడ కరెంట్ పోయింది. ఆ మరునాడు గూడ. అందరి మీదా అనుమానపడే కళావతి మీద అనుమానపడేటోళ్ళు ఇంట్ల ఇంకెవరూ లేకుండిరి.

అయితే ఒక్కటి మరిచిపోయింది. ఆమె కోసింది ఎవరి కరెంటో.

స్రవ్య పోయి బాపుకు చెప్పింది. భిక్షపతి ముఖం ఫ్యూజు కొట్టేసినట్టయింది. ఆ గల్లీ ఆయన ఏరియానే. "నా ఏరియాల కరెంట్ పోదు. పోయినా నాకు చెప్పి పోతది," అని చాయ్ హోటల్ల జబ్బలు చరుచుకున్న మనిషి. అసొంటోని సొంత ఇంట్లనే రోజూ పోతున్నదంటే ఇంకేం ఇజ్జత్ మిగిలింది?

"ఏందే, రోజూ పోతున్నదా?"

"పోతది."

"ఎప్పుడు?"

"నువ్వు లేనప్పుడు."

"నేనున్నప్పుడు ఎందుకు పోదు?"

"నీకు భయపడి కావచ్చు."

"పక్కింటి జహంగీర్ భాయ్ ఇంట్ల పోతలేదట గదా?"

"వాళ్ళది వేరే ఫేజు."

భిక్షపతి పెండ్లాం దిక్కు తేరిపార చూసిండు. లైన్‌మన్‌తోని ఇన్నేండ్లు కాపురం చేసిన మనిషికి ఫేజు, లోడు, లూజు కనెక్షను అన్నీ నోటికొస్తయి. ఆయన కాదనలేకపోయిండు. ఆ రోజు మీటరు విప్పిండు. తెల్లారి స్తంభం నుంచి ఇంటికొచ్చే వైరే మార్చిండు. కొత్త వైరుకు గూడ కరెంట్ పోయింది. అన్నం సరిగ తింటలేడు. "నాతోని ఏదో తప్పయితున్నది," అని తనలో తాను అనుకునుడు కళావతి విన్నది. పాపం అనిపించింది. కానీ ఆదివారం దాటంగనే కరెంట్ మంచిగయితది గదా, అప్పటిదాక ఓర్చుకోనీ అనుకున్నది.

శుక్రవారం భిక్షపతి తోటి లైన్‌మన్ నగేష్‌ను ఎంబడేసుకొని, నిచ్చెనతోని గల్లీలకు వచ్చిండు. పోయే కరెంటును పోతుండంగనే పట్టుకోవాలని పంతం. నగేష్ స్తంభమెక్కిండు. గాజులకు రాళ్ళు అతికే జహంగీర్ భాయ్ పని ఇడిచి బయటికొచ్చి నిలబడ్డడు.

"భాయ్, తుమ్హారీ లైట్ గయీ క్యా?" అని అడిగిండు భిక్షపతి.

"నై భాయ్. చల్ రీ. ఫ్యాన్ భీ చల్ రా," అన్నడు భాయ్, లోపల తిరుగుతున్న ఫ్యాన్ చూపిచ్చి.

"అన్నా, లైను మంచిగున్నది," అన్నడు నగేష్ పై నుంచి.

అదే టైంల లోపల కళావతి కష్టాలు వేరు. చెద్దరు ఒక కొస జారింది. ఎండ సన్నగ లోపలికి దూరింది. గబగబ ట్రంకు మీది స్టూలెక్కి ఆ కొస చువ్వకు ముడేసింది. అర్ర కాటుక లెక్కయింది. దిగుదామని కాలు చాపింది. కింద ట్రంకు పెట్టెకు టక్కున తాబేలు గుద్దుకున్నది. వెనుకకు పోయి మళ్ళ గుద్దుకున్నది. అటు నుంచి వచ్చి మళ్ళ.

కళావతి కాలు వెనుకకు తీసుకున్నది. దీనికి తెలిసిపోయింది, అనుకున్నది. నా కోసమే కాపలా కాస్తున్నది. చీకట్ల దిగి దాని మీద కాలేస్తే జారి పడుడే. పడితే నడుము, నడుము పోతే మంచం, మంచం పడితే... ఆ ఆలోచన ఆమె దినకర్మ దాకా పోయి, ఆ పొద్దు విస్తట్ల వడలు వడ్డించే వరకు వచ్చింది. పైకెత్తిన చెయ్యితోని చువ్వ పట్టుకొని, మునివేళ్ళ మీదనే కదలకుంట నిలబడ్డది.

భిక్షపతి ఇంట్లకు వచ్చి, ముందటి రూము దాటిండు. చీకటి. కానీ ఎక్కడో ఫ్రిజ్ గుర్రుమంటున్నది. కరెంట్ లేని ఇంట్ల ఫ్రిజ్ గుర్రుమనుడు ఆయన సర్వీసుల చూడలేదు. తడుముకుంట నడిమి అర్రల అడుగు పెట్టిండు. ఏదో వచ్చి కాలి బొటనవేలును కొట్టింది.

"వామ్మో, పందికొక్కు," అని ఎగిరి, చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నడు. దొరికింది వేలాడుతున్న చెద్దరు కొస. గుంజిండు. చెద్దరు మొత్తం ఊడి ఆయన నెత్తి మీద పడ్డది.

రోషన్‌దాన్ నుంచి మధ్యాహ్నపు ఎండ జివ్వున దిగి నేరుగ కళావతి మీద పడ్డది. ట్రంకు మీద స్టూలు, స్టూలు మీద కళావతి, మునివేళ్ళ మీద, చెయ్యి పైకెత్తి. ఊరేగింపుల అమ్మవారి లెక్కనే ఉన్నది, చేతుల శూలం ఒక్కటే తక్కువ.

తాబేలుకు చూపొచ్చింది. ఇంగ్లీషుల ఏదో ముచ్చటగ చెప్పి, గిర్రున తిరిగి ఊడ్చుడు మొదలుపెట్టింది.

"అన్నా, తప్పు ఎక్కడున్నది?" అని బయట నుంచి నగేష్ అరిచిండు.

భిక్షపతి చెద్దరుల నుంచి తల బయటికి పెట్టి పైకి చూసిండు. "స్టూలు మీదున్నది."

గడప దగ్గర ఇంకొకరు నిలబడి ఉన్నరు. చేతుల ఆఫీసు బ్యాగు. స్రవ్య.

"నువ్వేంది బిడ్డా, గింత జల్దిగ?" అన్నది కళావతి, దిగకుండనే.

"నీకు చెప్దామని సగం పూట సెలవు పెట్టి వచ్చిన," అన్నది స్రవ్య నిమ్మళంగ. "పొద్దుగాలనే హాస్టల్ ఆంటీకి రానని చెప్పిన. మిషిన్ నడుస్తలేదు, అమ్మ వంగలేదు, ఎట్ల ఇడిచిపెట్టి పోవాలె అని."

కళావతి గెలిచింది. పొద్దుగాలనే గెలిచింది. ఈ ఒక్క పూట చెద్దరు కట్టకుంట కాళ్ళు చాపుకొని కూసుంటే అయిపోతుండె.

"అయితే ఉంటవా?"

స్రవ్య ట్రంకును చూసింది. స్టూలును చూసింది. ఆ పైన అమ్మను చూసింది. "గింత ఎత్తు ఎక్కేటి మోకాళ్ళు నేలకు వంగవా అమ్మా? నేనే ఉత్తగ భయపడ్డ."

కళావతి గబుక్కున కిందికి దిగి, ట్రంకు మీద కూలబడి, మోకాలు పట్టుకొని "అబ్బా" అన్నది.

"నిన్నటిదాక కుడిది గదనే?" అన్నడు భిక్షపతి. "ఇయ్యాల ఎడమది పట్టుకున్నవ్."

"నీకెందుకు, నువ్వు పోయి నీ స్తంభం చూస్కో."

"నా స్తంభానికి ఏం రోగం లేదు. ఈ వారం నా నిద్ర పోయింది, గంతే. జహంగీర్ భాయ్‌కి ఏం చెప్పాలె ఇప్పుడు? నా ఫేజు గిట్ల చెద్దరు కప్పుకొని కూసున్నదని చెప్పాల్నా?"

స్రవ్య అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నది. "ఆంటీ, పొద్దున రానన్న గదా. ఆ మంచం ఇంకెవరికన్నా ఇచ్చిండ్రా?"

ఇచ్చిండ్రనాలె తల్లీ, అని కళావతి తెలిసిన దేవతలందరికీ మొక్కింది, తెలియని వాళ్ళకు గూడ.

"ఉన్నదట," అన్నది స్రవ్య. ఫోన్ పెట్టి వచ్చి అమ్మ పక్కన ట్రంకు మీద కూసున్నది. "నన్ను ఇడిచి ఉండలేనని చెప్పరాదా అమ్మా? గింత సర్కస్ ఎందుకు?"

"చెప్తే ఆగుదువా?"

స్రవ్య అమ్మ చెయ్యి పట్టుకున్నది. "ఆగకుందును. ఏడుద్దును. తర్వాత పోదును. శనివారం శనివారం వచ్చేదాన్ని."

"వస్తవా?"

"వస్తనమ్మా."

కళావతి కండ్లు తుడుచుకున్నది. తుడుచుకొని, ఓడిపోయినోళ్ళకు ఉండే పౌరుషంతోని అన్నది: "అయితే ఆ తాబేలును గూడ తీస్కపో. నాకేం అక్కెర లేదు. నా మోకాళ్ళకు ఏమయింది?"

కాదంటదనుకున్నది. "వద్దమ్మా, నీ కోసమే కొన్న" అంటదనుకున్నది. బతిమాలితే అప్పుడు పోనీలే అని ఉంచుకుందామనుకున్నది.

"మంచిది," అన్నది స్రవ్య. "హాస్టల్ రూముకు పెద్ద కిటికీ ఉన్నది. దీనికి మస్తు వెలుతురు."

ఆదివారం బిడ్డ పోయింది. సంచులతోని పాటు తాబేలు గూడ పోయింది. సోమవారం పొద్దుగాల కళావతి నడిమి అర్రల లైట్ ఏసి చీపురు పట్టుకున్నది. భిక్షపతి పేపరు చదువుకుంట, చీపురు వచ్చే దిక్కు చూసి రెండు కాళ్ళూ ఎత్తి పెట్టిండు.

ఫోన్ మోగింది. "ఏం చేస్తున్నవమ్మా?"

"ఊడుస్తున్న."

"మోకాళ్ళు నొస్తున్నయా?"

నొస్తున్నయి. ఈసారి నిజంగనే నొస్తున్నయి, రెండూ. కళావతి మొగని దిక్కు చూసింది. ఆయన పేపరు పక్కకు జరిపి, చెవులు రిక్కించి, నవ్వు ఆపుకుంట జవాబు కోసం చూస్తున్నడు.

"నాకేం నొప్పి బిడ్డా," అన్నది కళావతి, ఇంకింత కిందికి వంగి.