గుప్పెడు ఎరువు, బిందెడు నీళ్ళు

కళ్ళజోళ్ళ షాపాయన అందరి చూపూ సరిచేస్తాడు గానీ, తన పెరట్లో ఏం జరుగుతోందో ఆయనకే కనపడదు.

పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ ఉంది. ఎడమ వరస టమాటా మొక్కలు ఆయనవి, కుడి వరస భార్యవి. కాయ రంగు తిరగ్గానే ఆవిడ నీళ్ళు తగ్గిస్తుంది, ఎరువు చెంచాతో కొలిచి వేస్తుంది. ఆయనది ధారాళమైన చెయ్యి. పూటకి బిందెడు నీళ్ళు, గుప్పెడు ఎరువు.

"ఆకలన్నవాడికి చెంచాతో పెడతారటే?"

"తిన్నవాడికి మళ్ళీ మళ్ళీ పెడితే ఏమవుతుందో మీ పొట్ట చెప్పడం లేదూ?"

ఆయన మొక్కలు పైకప్పుని తన్నాయి. ఆకులు అడివిలా కమ్ముకున్నాయి, కాయలు వెతుక్కోవాలి. దొరికినవేమో బలిసి పగిలాయి. అయినా వీధంతా గొప్పలు చెప్పుకుని, ఆవిడతో పందెం కూడా కట్టాడు. ఆవిడ అన్నయ్య క్యాంటీన్ నడుపుతాడు; అతను రుచి చూసి ఎవరివి మెచ్చుకుంటే గ్రీన్‌హౌస్ పెత్తనం వాళ్ళదే.

పందెం రోజు ఉదయం దొంగచాటుగా తన పండొకటి కొరికి చూశాడు. నీళ్ళు పుక్కిలించినట్టుంది.

ఆవిడ రెండు వరసల పళ్ళూ విడివిడిగా ముక్కలు కోసి, ఒకేలాంటి రెండు గిన్నెల్లో పెట్టింది. "ఎడమది మీది, కుడిది నాది" అని, అన్నయ్యకి తలుపు తీయడానికి వెళ్ళింది. అంతే, ఆయన గిన్నెలు రెండూ తారుమారు చేసేశాడు.

బావగారు ఎడమ గిన్నెలో ముక్క నమిలి ఆగాడు. "ఇందులో టమాటా ఏదమ్మా, అన్నీ నీళ్ళేగా!"

కుడి గిన్నెలోది నోట్లో పడగానే కళ్ళు మూసుకున్నాడు. "ఇదీ టమాటా అంటే!"

ఆయనకేమీ అర్థం కాలేదు. చూస్తే భార్య అంతకంటే బిత్తరపోయి ఉంది. అన్నయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే దగ్గరికొచ్చింది.

"ఏమీ అనుకోకండి. మా అన్నయ్య ముందు మీరు చిన్నబోతారని, నా ముక్కలే మీ గిన్నెలో వేశాను, మీవి నా గిన్నెలో. మీరే గెలవాలి. ఎక్కడ పొరబడ్డానో!"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఓడినందుకు కాదు, ఇంత మంచి మనిషిని మోసం చేయబోయినందుకు సిగ్గేసింది.

"పొరపాటు నీది కాదే. నువ్వటు వెళ్ళగానే... నేనూ మార్చాను."

ఆవిడ రెండు గిన్నెల్నీ చూసి, ఆయనవైపు తిరిగింది.

"అంటే మీ పళ్ళు ఎలా ఉంటాయో మీకు ముందే తెలుసన్నమాట."

ఆయన ఎడమ గిన్నె దగ్గరికి లాక్కుని తలెత్తకుండా తినడం మొదలుపెట్టాడు. ఆవిడ ఉప్పు కూడా అందించలేదు.