నిర్ధారణ ఈరోజు, చికిత్స రేపు

పిల్లల్లో అలర్జీలను గుర్తించి అదుపు చేయడంపై వైద్యులకు ఏర్పాటు చేసిన రెండు రోజుల శిక్షణ విజయవంతమైంది. విజయవంతమైందన్న నివేదిక వారం ముందే తయారైంది కాబట్టి ఇందులో ఎవరూ ఆశ్చర్యపోవలసింది లేదు.

నలభై ఇద్దరు డాక్టర్లు వచ్చారు. వారిలో ఒకరు చిన్న ఊరి ఆసుపత్రిలో పిల్లల్ని చూసే డాక్టరమ్మ. మిగతావాళ్లు భోజనం ఎన్నింటికని అడుగుతుంటే ఆవిడ ఇంజక్షన్ల పెట్టె సంగతి అడిగింది. అలర్జీ ముదిరి ఊపిరాడని పిల్లలకు ఇచ్చే ఇంజక్షన్లవి. శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉంటేనే పెట్టె ఇస్తారు, అదీ ఊరికొకటి. కిందటి వానాకాలం ఆ మందు లేక ఆవిడ ఒక పిల్లవాణ్ణి పెద్దాసుపత్రికి పంపితే, బండి సగం దారిలోంచే వెనక్కి వచ్చేసింది. అందుకని ఆవిడకు ఆ పెట్టె కావాలి.

మొదట ముందస్తు పరీక్ష పెట్టారు. ఇరవై ప్రశ్నలు. డాక్టరమ్మ రాస్తుంటే పక్క కుర్చీలోని పెద్ద డాక్టరు వంగి చూశాడు. ఆయనకు ఆవిడ ఊళ్లోనే సొంత క్లినిక్ ఉంది.

"ఏంటమ్మా, ఒప్పులు రాసేస్తున్నావ్?"

"రాయకూడదా సార్?"

"ఇదే మొదటి శిక్షణా నీకు? ఇప్పుడు తక్కువ రావాలి, రేపు ఎక్కువ రావాలి. ఆ తేడానే ప్రగతి. సర్టిఫికెట్ ఇచ్చేది ప్రగతికిగాని తెలివికి కాదు. నేను షుగరు శిక్షణలో సున్నా, క్షయ శిక్షణలో సున్నా. కుక్కకాటులో ఒకటి పొరపాటున ఒప్పయిపోయి ఎంత ఇబ్బంది పడ్డానో!"

డాక్టరమ్మ ఆలోచించింది. ఊపిరాడని బిడ్డకు మొదట ఏమివ్వాలన్న ప్రశ్నకు దగ్గు మందు అని రాయడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. ఇరవైకి ఇరవై వచ్చాయి. శిక్షణ నడిపించే సమన్వయకర్త ఆ కాగితం అందరికీ చూపించి మందలించాడు.

"అన్నీ తెలిసినవాళ్లు ఎందుకొస్తారు మేడమ్? ఒక సీటు దండగ."

ఆవిడను చివరి వరుసలోకి మార్చారు.

తరువాత ప్రారంభోత్సవం. పాఠానికి పనికొస్తుంది, నిజంగా అలర్జీ ఉన్న పిల్లల్లో ఒకరిని తీసుకురమ్మని ముందే ఉత్తర్వు అందడంతో డాక్టరమ్మ తన దగ్గరికి వచ్చే ఆరేళ్ల పాపను తల్లితో సహా వెంటబెట్టుకొచ్చింది. వాళ్లను వేదిక మీద కూర్చోబెట్టారు. ఆరోగ్య శాఖ సంచాలకుడు ముప్పావుగంట మాట్లాడాడు. "అలర్జీ అంటే శరీరం చేసే అనవసర ఆందోళన. ఆందోళనలను మన శాఖ ఎలా అణచివేస్తుందో మీకు తెలుసు. అదే నిబద్ధత ఇక్కడా చూపాలి" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ తరువాత ఫోటో కోసం పాపను దగ్గరికి తీసుకుని, పళ్లెంలోంచి ఒక పల్లీ బిస్కెట్ అందుకున్నాడు.

"సార్, దానికి పల్లీ పడదండి" అంది తల్లి.

"ఇది పల్లీ కాదమ్మా, బిస్కెట్" అని ఆయన పాప నోట్లో పెట్టాడు.

డాక్టరమ్మ చివరి వరుసలోంచి లేచి వచ్చేలోపు ఫోటోగ్రాఫర్ "ఇంకొక్కసారి సార్" అన్నాడు. సంచాలకుడు ఇంకొకటి పెట్టాడు.

ఐదు నిమిషాల్లో పాప పెదవులు ఉబ్బాయి. ఒంటి మీద దద్దుర్లు లేచాయి. గొంతు బొంగురుపోయి, ఊపిరిలో ఈల మొదలైంది. నలభై ఒక్కమంది డాక్టర్లు పుస్తకాలతో చుట్టూ మూగి రాసుకున్నారు. ఇది అలర్జీయేనని నిమిషంలో ఏకగ్రీవంగా తేల్చారు. శిక్షణల చరిత్రలో ఇంత త్వరగా నిర్ధారణ జరగడం ఇదే మొదటిసారని సమన్వయకర్త మైకులో ప్రకటించాడు.

"మందు ఇవ్వరేంటండీ!" అని తల్లి అరిచింది.

"ఈరోజు నిర్ధారణ వరకేనమ్మా. చికిత్స రేపు పదిన్నరకి" అన్నాడు సమన్వయకర్త. ఒక్క క్షణం ఆలోచించి, "మీరు మరీ అడుగుతున్నారు కాబట్టి పదింటికి మారుస్తాను" అన్నాడు.

ఇంజక్షన్ల పెట్టె వేదిక మీదే ఉంది. దానికి రిబ్బను కట్టి ఉంది. మర్నాడు సంచాలకుడు కత్తిరించాలి. డాక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, రిబ్బను పళ్లతో తెంపి, పాప తొడకు బయటివైపు ఇంజక్షన్ పొడిచింది. పాపను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి వాచీ చూస్తూ నిలబడింది. పది నిమిషాలకు ఈల ఆగింది. "అమ్మా, ఇంటికెళ్దాం" అంది పాప. మర్నాటిదాకా కనిపెట్టి చూడమని చీటీ రాసి ఆవిడ వాళ్లను పెద్దాసుపత్రికి పంపింది.

అప్పటికప్పుడే ఆవిడకు మెమో అందింది. రెండో రోజు పాఠం మొదటి రోజే చేసినందుకు, ఆవిష్కరణ జరగని పెట్టెను తెరిచినందుకు, చర్చకు ఉద్దేశించిన కేసును చర్చకు ముందే నయం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

మర్నాడు చికిత్స పాఠానికి రోగి లేకపోవడంతో భోజనం ముందుకు జరిపారు. చివరి పరీక్షకు పెద్ద డాక్టరు వెతుక్కుంటూ వచ్చి డాక్టరమ్మ పక్కన కూర్చున్నాడు. ఆవిడ కాగితంలోకి చూసి పందొమ్మిది జవాబులు రాశాడు. ఒక్కచోట అక్షరాలు ఆనలేదు.

"తొడకా అమ్మా, భుజానికా?"

"తొడకి సార్."

సున్నా నుంచి ఇరవైకి ఎదిగిన ఆయన్ని ఉత్తమ శిక్షణార్థిగా ప్రకటించి శాలువా కప్పారు. డాక్టరమ్మకూ ఇరవైయే వచ్చాయి. నిన్న ఇరవై, ఈరోజు ఇరవై. ప్రగతి సున్నా. శిక్షణ వల్ల ఏ మార్పూ రాని ఏకైక వ్యక్తిగా ఆవిడ నివేదికకెక్కింది. సర్టిఫికెట్ రాలేదు. ఆ ఊరి పెట్టె పెద్ద డాక్టరు క్లినిక్‌కు వెళ్లింది.

నెల తరువాత పాప తల్లి ఆసుపత్రికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమనుకోకండి డాక్టరమ్మా. పాప పాత కాగితాలు కావాలి. ఇకమీద పెద్ద డాక్టరు గారికి చూపిద్దామని..."

"ఏమైందమ్మా?"

"మీ చెయ్యి మంచిదే. మీ వల్లే బతికింది, కాదనను. కానీ మీకు సర్టిఫికెట్ ఇవ్వలేదంట కదా. మా అత్తగారు ఒప్పుకోవట్లేదు."

డాక్టరమ్మ కాగితాలు తీసి ఇచ్చింది. పైన ఇంకో కాగితం పెట్టి, దాని మీద మందు మోతాదు, "తొడకు" అన్న మాట పెద్దక్షరాలతో రాసింది.

"ఇది ఆయనకు చూపించు."

"ఆయనకి తెలీదా ఏంటి?"

"మర్చిపోతారేమోనని."

తల్లి ఆ ఒక్క కాగితాన్నీ తీసి బల్ల మీద పెట్టేసింది.

"వద్దులెండి. అంత సర్టిఫికెట్ ఉన్నాయనకి మనం చెప్పినట్టుంటుంది. బాగోదు."

ఆమెను చూసి నవ్వకండి. మీ డాక్టరు పేరు వెనక ఏమేం డిగ్రీలున్నాయో మీరు తడుముకోకుండా చెప్పగలరు. ఇంజక్షన్ ఎక్కడ పొడుస్తారని ఎప్పుడైనా అడిగారా?