ముప్పై లెక్కపెట్టిన వీరుడు

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, కిందటి నెల పదకొండో తేదీ ఉదయం పది కావస్తుండగా మా కాగితం మిల్లు క్యాంటీనులో జొరబడిన అడవిపందిని ఒంటరిగా ఎదుర్కొన్న వీరుణ్ణి నేనే. మిల్లు గేటుకి కట్టిన బ్యానరు మీద ఉన్న బొమ్మ కూడా నాదే. బొమ్మలో నా చేతిలో ఉన్న తుపాకీ మాత్రం నాది కాదు. అసలుది మరీ సన్నగా కనిపిస్తోందని బ్యానరు వేసినాయన ఎక్కణ్ణుంచో లావుపాటిది తెచ్చి అతికించాడు. ఆయన అభిరుచిని నేను మనసారా అభినందిస్తున్నాను.

వారంలో ఆరు రోజులు నేను మిల్లు టైమాఫీసు సూపర్‌వైజర్ని. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మెమోలు రాయడం నా వృత్తి. ఏడో రోజు మిల్లు రైఫిల్ క్లబ్బుకి గౌరవ కార్యదర్శిని. క్లబ్బు అనగానే మీరేవేవో ఊహించుకోనక్కర్లేదు. ఒక రేకుల షెడ్డు, ఇసుక బస్తాల గోడ, మూడు తుపాకులు. మూడూ పాయింట్ టూ టూ రకమే. కాల్చడానికి గుండ్రాలు గీసిన కాగితాలు మిల్లే ఉచితంగా ఇస్తుంది. పొద్దుటిపూట తయారుచేసిన కాగితాన్ని సాయంత్రం మేమే చిల్లులు పొడిచి చెత్తబుట్టలో వేస్తాం. ఇంత చక్కటి ఏర్పాటు మరే మిల్లులోనూ లేదని మా వార్షిక నివేదికలో ఏటా రాస్తాను.

పాయింట్ టూ టూ గురించి రెండు ముక్కలు. ఇది తుపాకుల్లో సాధుజంతువు. దీని తూటా చిటికెన వేలిలో సగం ఉంటుంది. దాని కొసన ఉన్న సీసం ముక్క రెండున్నర గ్రాముల పైమాటే కానీ మూడు గ్రాములు ఉండదు. కాలిస్తే భుజం అదరదు, చెవులు గింగుర్లెత్తవు. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకు మించిన గురువు లేదు. యాభై మీటర్లలో కాగితానికి చిల్లు పెట్టాలన్నా, ఖాళీ డబ్బాని ఎగరగొట్టాలన్నా, తోటలో పడ్డ కుందేలుకి బుద్ధి చెప్పాలన్నా ఇదే. ఆపైన దీనికి చేతకాదు. గాలి వీస్తే పక్కకి పోతుంది. పెద్ద జంతువుకి తగిలితే దానికి చావు రాదు, కోపం వస్తుంది. గురి తప్పితే మాత్రం కిలోమీటరున్నర పోయి ఏ పాపమూ ఎరగనివాడికి తగులుతుంది. గట్టిదానికి తగిలితే ఎటు తిరిగి ఎటు వస్తుందో కాల్చినవాడికి కూడా తెలియదు. నన్ను బాగా ఎరిగినవాళ్లు నాకూ దానికీ పోలికలున్నాయంటారు. నేను కాదనను.

ఇంకో సంగతి. ఈ తూటాకి నిప్పు పుట్టించే మందు నడిమధ్యన ఉండదు, అడుగున అంచు చుట్టూ ఉంటుంది. అంచులో ఏ మూలైనా మందు సరిగ్గా పరుచుకోలేదో, తుపాకీ సూది సరిగ్గా ఆ మూలే పొడిచిందో, టిక్కుమంటుంది, అంతే. అప్పుడేం చెయ్యాలో షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో నేనే రాశాను. "తూటా పేలనిచో కదలరాదు. గురి మరల్చరాదు. ముప్పై లెక్కపెట్టవలెను. పిమ్మట మాత్రమే బోల్టు లాగి తూటా తీయవలెను." కొన్ని తూటాలు ఆలోచించుకుని ఆలస్యంగా పేలతాయి మరి. ఆలస్యంగా వచ్చేవాళ్లతో నాకున్న అనుభవం ఇక్కడ బాగా పనికొచ్చింది. పంతొమ్మిదేళ్లుగా ప్రతి సభ్యుడి చేతా ముప్పై లెక్కపెట్టించాను. ఎంత తొందరపాటు మనిషైనా నా చేతిలో పడితే ముప్పై దాకా నిలబడాల్సిందే.

ఇక నా కీర్తి విషయం. దానికి కారకుడు మా బావమరిది. మా ఆవిడకు సొంత తమ్ముడు, మిల్లులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వాడి నోట్లో పడితే ఆవగింజ కూడా గుమ్మడికాయ అయి బయటికొస్తుంది. క్లబ్బు పెట్టిన కొత్తలో నేనొక కుందేలుని కొట్టాను. వారం తిరిగేసరికి అది దుప్పి అయింది. నెల తిరిగేసరికి దుప్పి వెనకాల పులి వచ్చి చేరింది. దీన్ని ఖండించాల్సిన బాధ్యత నాదేనని నాకు తెలుసు. ఆ వారం మెమోలు ఎక్కువగా ఉండి తీరిక దొరకలేదు. తర్వాత పంతొమ్మిదేళ్లూ దొరకలేదు. నడవాలో నేనెదురైతే జనం పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. అలవాటైపోయింది.

నిజం తెలిసినది మా ఆవిడ ఒక్కతే. ఆవిడ మిల్లు క్యాంటీనులో పెద్ద వంటమనిషి. "ఎలక కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషికి తుపాకీ ఎందుకండీ?" అని ఇరవై రెండేళ్ల కాపురంలో, క్లబ్బు పెట్టినప్పట్నుంచీ నెలకోసారైనా అడిగింది. బయట మాత్రం ఎవరితోనూ అనలేదు. ఆ మంచితనాన్ని నేను సద్వినియోగం చేసుకున్నాను.

పదకొండో తేదీన దుంగల యార్డువైపు నుంచి పంది వచ్చింది. నూరు కిలోలకు తగ్గదు. తెరిచి ఉన్న అద్దాల తలుపులోంచి భోజనశాలలోకి వచ్చింది. జనం బయటికి పరిగెత్తారు. పరిగెత్తినవాళ్లలో చివరివాడు బాధ్యతగా తలుపు మూశాడు. పోవడానికి దారి లేక పంది వంటగదిలోకి దూరింది. వంటగదిలో మా ఆవిడ ఉంది. కూరగాయలు తరిగే స్టీలు బల్ల ఎక్కి నిలబడింది.

వంటగదికి వెనకొక తలుపుంది. తీస్తే నేరుగా యార్డు, ఆవల చెట్లు. అయితే దానికెప్పుడూ గడియ వేసే ఉంటుంది. ఆ దారిన జనం డ్యూటీ మధ్యలో జారుకుంటున్నారని అయిదేళ్ల కిందట ఒక ఉత్తర్వు వచ్చింది. టైమాఫీసు స్లిప్పు లేనిదే వెనక తలుపు తెరవరాదు. ఉత్తర్వు రాసింది ఎవరని మీరడగరు, మీకు తెలుసు.

అటవీశాఖకి ఫోను చేస్తే నలభై నిమిషాల్లో వస్తామన్నారు. అందాకా దాన్ని రెచ్చగొట్టొద్దు, గోల చెయ్యొద్దు, పోవడానికి ఒక దారి తెరిచి పెట్టండి చాలు అన్నారు. ఇంత సులువైన సలహా మేనేజరుగారికి నచ్చలేదు. ఆయన అక్కడున్న రెండొందల మందిని ఉద్దేశించి గొంతు సవరించుకున్నారు.

"సోదర కార్మికులారా! ఆపద సమయంలో ఎవరి కోసమో ఎదురుచూడడం మన మిల్లు సంప్రదాయం కాదు. మనకు మన వీరుడున్నాడు. వీరుడికి మన క్లబ్బుంది. ఇన్నేళ్లుగా మనం ఉచితంగా ఇచ్చిన కాగితం నేడు ఫలితమివ్వబోతోంది!"

నేను ఆయన చెవి దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. "సార్, ఇది కుందేళ్లకు పనికొచ్చేది. పందికి తగిలితే చావదు, తిరగబడుతుంది. లోపల మా ఆవిడుంది."

ఆయన నా భుజం తట్టారు. "చూశారా, ఎంత వినయమో!" అని అందరికీ వినిపించేలా అన్నారు.

అంతలో మా బావమరిది షెడ్డు నుంచి తుపాకీ తెచ్చాడు. రొప్పుతున్నాడు. కళ్లనిండా నీళ్లు. "బావా, అక్క లోపలుంది. నువ్వున్నావని నాకు ధైర్యం" అన్నాడు. వాడు అబద్ధాలు పుట్టించేవాడే కానీ, తను పుట్టించినదాన్ని ముందు తనే నమ్మే రకం. ఆ మొహం చూసి తుపాకీ అందుకున్నాను. నిజానికి అప్పుడే తుపాకీ కింద పెట్టి, "ఒరే, నేను కొట్టింది ఒక్క కుందేలునిరా" అని ఉండాల్సింది. పంది కంటే ఆ మాటకే నేనెక్కువ భయపడ్డాను.

లోపలికి వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడ్డాను. వెనక అద్దాలకు మొహాలు అతుక్కున్నాయి. పంది వంటగది మధ్యలో నిలబడి, ఒలికిపోయిన ఉడికిన దుంపలు తింటోంది. తన మానాన తను ఉంది.

"అదెందుకు తెచ్చారు?" అంది మా ఆవిడ గొంతు తగ్గించి.

"అందరూ చూస్తున్నారే."

"చూస్తే చూడనీండి. దాని జోలికి వెళ్లకండి. వెనక తలుపు తీస్తే అదే పోతుంది."

నేనేమన్నానో దాచకుండా రాస్తున్నాను. "ఆ తలుపుకి స్లిప్పు కావాలి కదా" అన్నాను. పదిహేను అడుగుల దూరంలో అడవిపందిని పెట్టుకుని, కట్టుకున్న భార్యతో నేనన్న మాట ఇది. ఆవిడ నా వంక చూసిన చూపుకి పాయింట్ టూ టూ కంటే బలమెక్కువ.

బయట ఎవరో ఉత్సాహం పట్టలేక చప్పట్లు కొట్టారు. పంది తలెత్తి నావైపు తిరిగింది. నేను తుపాకీ ఎత్తాను. నాకన్నీ తెలుసు. తగిలితే అది మీదపడుతుందని తెలుసు. తప్పితే గచ్చుకో స్టీలు గంగాళానికో తగిలి తూటా ఎటైనా వస్తుందని తెలుసు. పంది వెనకాల, కాస్త ఎడంగా, బల్ల మీద మా ఆవిడ ఉందని తెలుసు. ఇదంతా నేనే పాఠంగా చెబుతాను. వెనకాల అద్దాల్లోంచి రెండొందల జతల కళ్లు నా వీపుని పొడుస్తున్నాయి. ట్రిగ్గర్ నొక్కాను.

టిక్కుమంది.

నా జీవితంలో జరిగిన మేలు ఏదైనా ఉంటే ఆ తూటా అంచులో మందు లేకపోవడమే. అయితే ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. పంతొమ్మిదేళ్ల అలవాటు. కదలరాదు, గురి మరల్చరాదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బుద్ధున్నవాడెవడైనా పారిపోయేవాడు. పారిపోయేవాణ్ణి పంది తరిమేది. కొయ్యలా నిలబడ్డ మనిషిని ఏం చెయ్యాలో దానికి అర్థం కాలేదు. ఏడు దగ్గర ముక్కుతో గాలి పీల్చింది. పన్నెండు దగ్గర మా ఆవిడ బల్ల దిగింది. పద్దెనిమిది దగ్గర గోడ పట్టుకుని పక్కపక్కగా నడిచింది. ఇరవై మూడు దగ్గర గడియ తీసింది. చల్లగాలి లోపలికొచ్చింది. పంది అటు తిరిగి, మిగిలిన దుంపొకటి నోట కరుచుకుని, ఇరవై తొమ్మిదికల్లా వెళ్లిపోయింది. నేను ముప్పై పూర్తిచేసి నియమానుసారం తుపాకీ బోల్టు తీశాను.

బయటివాళ్లకు వెనక తలుపు కనిపించదు, గంగాళాలు పెట్టే అర అడ్డం. వాళ్లకు కనిపించినదల్లా అరనిమిషం పాటు రెప్ప వెయ్యకుండా పంది కళ్లలోకి చూస్తూ నిలబడ్డ నా వీపు. చూపుతోనే పందిని తరిమాడని ఆ సాయంత్రానికే ప్రచారమైంది. కాల్చగలిగి కూడా మూగజీవి మీద దయతో కాల్చలేదని మేనేజరుగారు సవరించారు.

మరుసటి వారం సన్మానసభ జరిగింది. శాలువా కప్పారు. మాట్లాడమన్నారు. ఈసారి నిజం చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకుని లేచాను, చెప్పాను కూడా. కుందేలు సంగతి చెప్పాను. నేను నొక్కాను, అది పేలలేదు, పేలి ఉంటే మా ఆవిడ ప్రాణం మీదికి వచ్చేది, తలుపు తీసి కాపాడింది ఆవిడే అని ఉన్నదున్నట్టు చెప్పాను. అయిదొందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఇంత నిగర్వి మన మధ్య ఉండడం మన అదృష్టం" అన్నారు మేనేజరుగారు. మా బావమరిది ఏడ్చేశాడు. మా ఆవిడ సభలో లేదు. వచ్చినవాళ్లకు టీ కాస్తూ వంటగదిలో ఉంది.

ఆ సభలోనే రెండు తీర్మానాలు చేశారు. మొదటిది, క్లబ్బుకి మరో పది పాయింట్ టూ టూ తుపాకులు తెప్పించాలి. రెండోది, ఘటన జరిగిన సమయంలో స్లిప్పు లేకుండా వెనక తలుపు తెరిచిన సిబ్బంది ఎవరో విచారించి మెమో ఇవ్వాలి. మెమోలు రాసేది టైమాఫీసు. నేను రాశాను. సంతకం కూడా స్పష్టంగానే పెట్టాను.

ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ తడిచెయ్యి తుడుచుకుని రెండుసార్లు చదివింది. వెనకవైపు తిప్పి, "తలుపు తీశాను. మళ్లీ వచ్చినా తీస్తాను" అని సమాధానం రాసింది. దాని కింద నేను నిబంధనల ప్రకారం "సమాధానం సంతృప్తికరంగా లేదు" అని రాయాల్సి వచ్చింది.

ఆవిడ నన్ను తిట్టలేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, ఆ రోజు నాకు టిక్కుమని వినిపించింది. నేను అక్కడుండగా మీరు నొక్కారా?"

లోకంలో ఆ ప్రశ్న అడిగినది ఆవిడొక్కతే. చెబితే నమ్మేదీ ఆవిడొక్కతే.

"ఛ, నొక్కుతానా! అది గిన్నెల చప్పుడై ఉంటుంది" అన్నాను.

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్లింది. నమ్మిందో లేదో తెలియదు. ఆ రోజు నుంచి నా ఎదురుగా నిలబడి వడ్డించడం లేదు, పక్కనుంచి వడ్డిస్తోంది.

నమ్మని అయిదొందల మందికి నిజం చెప్పడానికి ధైర్యమేం కావాలి? అందుకే మీకూ చెప్పాను. మీరూ నవ్వుకున్నారు, చప్పట్లు కొట్టకపోయినా అదీ అలాంటిదే. ఇక మీకూ నాకూ పేచీ లేదు. చిన్న సాయం మాత్రం చెయ్యండి. ఇది అచ్చయిన పుస్తకం మా ఆవిడ కంటబడకుండా చూడండి.