మాష్టారి తలంపుల కోసం ప్రార్థన

సుందరి పోయిన రోజు రాజోలులో వాన. సమాధి దగ్గర చర్చి అయ్యగారు గొడుగు కిందనుంచి వంగి, భార్య గురించి రెండు మాటలు చెప్పమని యేసురత్నం మాష్టారిని అడిగారు. మాష్టారు గొంతు సవరించుకున్నారు. జనం ఎదురుచూశారు. ఆయన మళ్ళీ గొంతు సవరించుకున్నారు. అయ్యగారు ఆ రెంటినీ రెండు మాటలుగా తీసుకుని ముగింపు ప్రార్థన చేశారు.

హైస్కూల్లో తెలుగు చెప్పే మాష్టారికి ఇది కొత్త. ఆ సంఘంలో ఎవరు పోయినా సమాధి రాయి మీద గుణం రాసిచ్చేది ఆయనే. మృదుభాషి, దానశీలి, సహనమూర్తి. మనిషి పోయిన కబురుతోపాటే మాట కూడా తోచేది. ఆయన రాతల్ని నమ్మితే, ఆ సమాధుల తోటలో పడుకున్నవాళ్ళలో ఒక్కరికీ బతికుండగా కోపం వచ్చి ఎరగదు.

సుందరి ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. రాయి చెక్కే నారాయణమూర్తి పేరూ తేదీలూ చెక్కేసి, కింద జానెడు చోటు వదిలి, ఏం రాయాలో చెప్పమని ఫోన్లు చేస్తున్నాడు. మాష్టారికి ఏమీ తోచడం లేదు.

అందుకని ఒక శనివారం ఉదయం ఆయన ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏది నిజమో, ఏది పవిత్రమో, ఏది మెచ్చదగినదో దాని మీదే మనసు నిలపమని బైబిలు వాక్యం. కాఫీ తాగి, వరండాలో కుర్చీ వేసుకుని, మధ్యాహ్నం దాకా సుందరి సద్గుణాల మీదే మనసు నిలపాలి. అందులో ఒకటి ఏరి రాయికి ఇవ్వాలి.

కళ్ళు మూసుకోగానే సుందరి వచ్చింది. వంకాయలు ఏరడం రాని మనిషి పిల్లలకు చదువేం చెబుతారని అడిగింది. మాష్టారు ఆ తలంపును పక్కకు నెట్టారు. దాని వెనక ఫ్యాను తగాదా వచ్చింది. రెండు మీద పెట్టాలని ఆయన, నాలుగు మీద పెట్టాలని ఆవిడ. ఆయన లేచేసరికి పెళ్ళినాటి నుంచి జరిగిన దెబ్బలాటలన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి. అన్నిటిలోనూ ఆవిడే గెలిచింది. ఇప్పుడు ఫ్యాను రెండు మీదే తిరుగుతోంది. నిద్ర మాత్రం పట్టడం లేదు.

మర్నాడు ఆరాధనకు ముందు ఆయన అయ్యగారి చెవిలో, తన తలంపుల కోసం ప్రార్థన చెయ్యమని చెప్పారు. అంతకు మించి చెప్పలేదు.

అయ్యగారు విజయకుమార్ గుట్టు కాపాడే మనిషి. పేరు బయట పెట్టలేదు. భార్యను కోల్పోయిన మన సంఘంలోని ఒక తెలుగు మాష్టారు తన తలంపుల కోసం ప్రార్థన కోరుతున్నారని మాత్రమే చెప్పారు.

ప్రార్థన విన్నపంలో వివరం లేకపోతే అడగకూడదన్నది అక్కడి మర్యాద. అడగకూడదు కనక ఊహించుకోవాలి. చర్చి మెట్లు దిగేలోపే సంఘం రెండుగా చీలింది. మాష్టారు దిగులుతో కాలువలో దూకుతారేమోనని మగవాళ్ళు భయపడ్డారు. ఆయనకు పెళ్ళి మీదికి మనసు పోయిందని ఆడవాళ్ళు తేల్చారు.

సోమవారం నుంచి మాష్టారు కాలువ గట్టు మీద నడిస్తే వెనక ఎవరో ఒకరు దగ్గుతూ నడిచారు. ఆయన ఆగితే వాళ్ళూ ఆగారు. ఈ ఏడు నీళ్ళు బొత్తిగా తక్కువనీ, మోకాళ్ళు కూడా తడవవనీ పనిగట్టుకుని చెప్పారు.

మంగళవారం స్త్రీల సమాజం అధ్యక్షురాలు కృపమ్మ కొబ్బరి పచ్చడి గిన్నెతో వచ్చింది.

"మీ తలంపులేంటో మేం అడగమండి. అది మీకూ దేవుడికీ మధ్యన," అంది.

"మంచిదండి."

"మనిషన్నాక వస్తాయండి, తప్పేం లేదు. కొత్తపేటలో బేబి గారని ఒకావిడ ఉన్నారండి. దుబాయ్‌లో నర్సు పని చేసి వచ్చేసేరు. వాళ్ళాయన పోయేరు. చాలా నెమ్మదస్తురాలండి."

ఎవరి గురించీ చెడు తలచకూడదని మాష్టారు ఆ ఉదయమే తీర్మానించుకున్నారు. అందుచేత, పొరుగూరి విధవరాలి మీద కృపమ్మకున్న ప్రేమను మనసులో మెచ్చుకుని, "చాలా మంచిదండి," అన్నారు.

కృపమ్మ గిన్నె కూడా అడగకుండా వెళ్ళిపోయింది.

తాటిపాకలో ఉండే సుందరి అన్న సాలమోనుకు ఈ కబురు పెళ్ళి తేదీతో సహా చేరింది. శుక్రవారం సాయంత్రం మాష్టారి ఇంట్లో గొలుసు ప్రార్థన పెట్టారు. అంటే గంటకొకరు చొప్పున వంతులేసుకుని తెల్లవార్లూ చేసే ప్రార్థన. చూడవలసింది ఏమైనా ఉంటే మొదటి గంటలోనే ఉంటుందని అందరూ మొదటి గంటకే వచ్చేశారు. జంపఖానాలు చాలక మాష్టారి పక్క దుప్పటి తెచ్చి పరిచారు. కృపమ్మ బేబి గారిని ముందు వరసలో కూర్చోబెట్టింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. సంఘమంతా ఒక కన్ను మూసుకుంది.

ఆమెన్ అనేలోపు సాలమోను గుమ్మంలోకి వచ్చాడు.

"ఏడాది తిరక్కుండానా బావగారూ?" అన్నాడు చెప్పులు విడుస్తూ.

"ఏమిటండి?"

"మీ పెళ్ళండి."

మాష్టారు అయ్యగారి వంక చూశారు. అయ్యగారు కృపమ్మ వంక చూశారు. కృపమ్మ తన చేతిలోని బైబిలు వంక చూసుకుంది.

"నా తలంపులు సుందరి గురించండి," అన్నారు మాష్టారు. "రాయి మీద రాయడానికి ఒక్క సద్గుణం తలుచుకుందామని రోజూ కూర్చుంటున్నాను. దెబ్బలాటలే వస్తున్నాయి."

అయితే కాలువ కూడా కాదన్నమాట అని వెనక వరసలో ఎవరో కాస్త నిరాశగా అన్నారు.

సంఘం వెంటనే సాయానికి దిగింది. సాత్వికురాలు అని రాయమంది కృపమ్మ.

"మా చెల్లా?" అన్నాడు సాలమోను. "అది గుమ్మంలోకొస్తే పక్కింటి కోళ్ళు కూడా దారి మార్చుకునేవండి."

అయ్యగారు అల్పభాషి అని సూచించి, కాసేపు ఆలోచించి, తనే వెనక్కి తీసుకున్నారు. ప్రసంగం గంట దాటుతోందని తన మొహం మీదే చెప్పింది ఆవిడేనని ఒప్పుకున్నారు. అప్పటినుంచి నలభై నిమిషాలకు తగ్గించానన్నారు. సుందరి గారు ఆ పని మధ్యలో వదిలేసి పోయారని ఎవరో గొణిగారు. అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలాకాలమైంది. మాష్టారు ఎటు చూడాలో తెలియక దుప్పటి అంచు సరిచేశారు.

అప్పటిదాకా మాట్లాడని బేబి గారు నోరు విప్పారు.

"మా ఆయన రాయి మీదుంది మీ మాటేనండి. మీ పాత అయ్యగారు మా ఊరు మారి వచ్చినప్పుడు మీచేత రాయించి తెచ్చేరు. మృదుభాషి అని."

మాష్టారికి గుర్తొచ్చింది. మాట బాగా కుదిరిందని అప్పట్లో సంతోషించారు కూడా.

"ఆయన ఇవతల కేకేస్తే అవతల లంకలో వాళ్ళు పడవ కట్టుకుని వచ్చేవోరండి," అన్నారు బేబి గారు. "నన్ను ఒక్క మాట అని ఎరగరు. కానీ మెల్లిగా మాట్టాడ్డం మాత్రం చేతకాదు. పూలు పెడదామని వెళ్తానండి. అది చదివేసరికి ఇంకెవరి దగ్గరో కూర్చున్నట్టుంటుంది."

 

"చెరిపించమంటారా?" అని అడిగారు మాష్టారు.

"రాయి కదండీ, ఉండనివ్వండి. మీరు మాత్రం తొందరపడకండి."

గొలుసు ప్రార్థన మొదటి గంటతోనే తెగిపోయింది. సాలమోను బావగారి భుజం మీద చెయ్యి వేసి, ఆఖరి బస్సు ఉందని వెళ్ళిపోయాడు. అందరూ వెళ్ళాక ఇల్లు వాళ్ళు రాకముందు కన్నా పెద్దదిగా కనిపించింది. మాష్టారు దుప్పటి దులిపి మళ్ళీ మంచం మీద వేసుకున్నారు. ఆ వాక్యం తీసి చదువుకున్నారు. మెచ్చదగినది చివర ఉంది. నిజమైనది మొదట ఉంది.

మర్నాడు నారాయణమూర్తి ఫోన్ చేశాడు.

"సహనమూర్తి అని చెక్కెయ్యమంటారా మాష్టారూ? అందరికీ అదే కదండీ."

"వద్దండి," అన్నారు మాష్టారు. ఆ వారంలో ఆయన కాదన్న మాట అదొక్కటే.

కూడిక జరిగింది. రాయి నిలబెట్టారు. భోజనాలు బాగున్నాయని అందరూ అన్నారు. సంఘం ఇప్పటికీ ఆదివారం ఆదివారం మాష్టారి తలంపుల కోసం ప్రార్థిస్తోంది. సుందరి పేరు కింద మాత్రం ఇంకా ఏమీ రాయలేదు.